గుర్రానికి మిగతా నాలుగు వేళ్లు ఏమైపోయాయి?

మలక్‌పేట_మూర్తి
మొన్న మా పిన్ని కొడుకు పెళ్లి. బరాత్ గుర్రం గంటన్నర ఆలస్యం. దారిలో ముందు కాలి నాడా ఊడిపోయిందట. ఫంక్షన్ హాల్ వెనక సందులో నాల్‌బంద్‌ను పిలిపించి కొత్తది కొట్టిస్తున్నారు. పెళ్లికొడుకు ఏసీ గదిలో కూర్చుని కూడా చెమటలు కక్కుతున్నాడు. నేనూ, మా తొమ్మిదేళ్ల అమ్మాయీ మాత్రం ఆ సందులో నిలబడి తమాషా చూస్తున్నాం.

ఆయన గుర్రం కాలిని తన మోకాళ్ల మధ్య ఇరికించుకుని వంకర కత్తితో గిట్ట అంచు చెక్కుతుంటే ఎండుకొబ్బరి ముక్కల్లా పెచ్చులు రాలుతున్నాయి. ఒక వీధికుక్క వచ్చి పెద్ద పెచ్చు ఒకటి నోట కరుచుకుని పరుగో పరుగు. అది చూసి నవ్వుతూనే మా అమ్మాయి అడిగింది, "నాన్నా, కుక్కకి వేళ్లున్నాయిగా, మరి గుర్రానికేవి?"

నేను ఠక్కున "అన్నీ కలిసిపోయి గిట్ట అయ్యాయమ్మా" అనేశాను. నాల్‌బంద్ తల కూడా ఎత్తకుండా "నహీ సాబ్, ఏక్ హీ నాఖూన్ హై" అన్నాడు. మొత్తం ఒకటే గోరట! పక్కన మా బావమరిది. ఇంక చెప్పాలా, ఆ రోజు నుంచి ఫ్యామిలీ గ్రూపులో నా పేరు "గిట్టల మాస్టారు".

ఎవరు కరెక్టు? నాల్‌బంద్ చెప్పిందే నిజమైతే మిగతా నాలుగూ ఎక్కడికి పోయాయి, ఎందుకు పోయాయి? అమ్మాయికి చెప్పగలిగే భాషలో చెప్పండి.

అర్ధరాత్రి_చాయ్
హుస్సేన్‌సాగర్‌లో వెతకండి. గుర్రపు డెక్క అంతా అక్కడే ఉంది.

బర్రెల_డాక్టర్
నాల్‌బందే కరెక్టు. మీ బావమరిదికి మాత్రం చెప్పకండి.

మీ చెయ్యి టేబుల్ మీద ఆనించి మెల్లగా పైకి లేపండి. ముందు అరచెయ్యి లేస్తుంది, వేళ్ల మీద నిలబడతారు. ఇంకా లేపితే బొటనవేలు, చిటికెన వేలు గాల్లోకి వెళ్తాయి. ఇంకా లేపితే చూపుడు వేలు, ఉంగరపు వేలు కూడా. చివరికి మధ్యవేలి కొస ఒక్కటే ఆనుతుంది. గుర్రం నిలబడేది అలాగే, నాలుగు కాళ్లలోనూ మధ్యవేలి కొన మీద. ఆ కొనను చుట్టుకున్న గోరే గిట్ట. మన గోరు వేలికి పైవైపే ఉంటుంది. గుర్రానిది ముందూ పక్కలా చుట్టేసింది.

ఇంకో సంగతి. ముందు కాలికి మనం మోకాలు అనుకునేది మోకాలు కాదు, మణికట్టు. దాని కింద పొడుగ్గా ఉన్న ఒంటి ఎముక అరచేతి ఎముక. వెనక కాలికి వెనక్కి తిరిగినట్టు కనిపించే కీలు మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పొట్ట దగ్గర ఉంటుంది.

మిగతా వేళ్లు పూర్తిగా పోలేదు. ఆ పొడుగు ఎముకకు వెనకవైపు రెండు పక్కలా పుల్లల్లాంటి సన్న ఎముకలు రెండుంటాయి. స్ప్లింట్ బోన్స్ అంటాం. చూపుడు వేలు, ఉంగరపు వేలు తాలూకు అరచేతి ఎముకలు అవే. కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, గిట్ట దాకా చేరకుండానే చిన్న బొడిపెతో ఆగిపోతాయి. మెత్తగా తడిమితే చేతికి తగులుతాయి కూడా.

సందేహాలరావు
గుర్రం కాలు లోపలివైపు నల్లటి కాయలాంటిది ఉంటుంది కదా, అదే బొటనవేలు అని ఎక్కడో చదివాను.

బర్రెల_డాక్టర్
చాలామంది చెప్పే మాటే అది. దాన్ని చెస్ట్‌నట్ అంటారు. గట్టిపడిన చర్మం తప్ప లోపల ఎముక లేదు. పైగా ముందు కాలికి అది మణికట్టు పైన ఉంటుంది. మోచేతి కింద బొటనవేలు ఎవరికైనా మొలుస్తుందా?

రేసుబుక్కు
ఆ స్ప్లింట్ ఎముకల పేరు చెప్పకండి సార్, కడుపు మండుతుంది. పోయిన సీజన్‌లో నేను నమ్ముకున్న మూడేళ్ల గుర్రం సరిగ్గా అక్కడే వాపొచ్చి రేసులోంచి తప్పుకుంది. కోట్ల ఏళ్ల కిందటి చూపుడు వేలు నా జేబుకు చిల్లు పెట్టింది.

బర్రెల_డాక్టర్
కుర్ర గుర్రాల్లో మామూలే. ఆ పుల్ల ఎముకకూ మధ్య ఎముకకూ మధ్య ఉన్న లిగమెంట్ (ఎముకల్ని కట్టి ఉంచే పట్టీ) ఒత్తిడికి వాచి, తర్వాత గట్టి ఎముకగా మారి గడ్డలా నిలిచిపోతుంది. చాలావరకు తగ్గిపోతుంది. మీ డబ్బులే రావు.

నాగలి_నరసింహ
మాది నల్లగొండ వైపు. మా తాత ఎద్దులకు నాడాలు కొట్టించేవాడు. ఎద్దును తాళ్లతో పడగొట్టి, నాలుగు కాళ్లూ కలిపి కట్టి, కాలికి రెండు చొప్పున కొట్టేవాళ్లు. ఎద్దుకు మొత్తం ఎనిమిది ముక్కలు. గుర్రానికి నాలుగే. కూలి మాత్రం ఎద్దుకు రెట్టింపు ఎందుకియ్యాలని మా తాత ప్రతిసారీ పంచాయితీ పెట్టేవాడు. ఇప్పుడు అర్థమైంది, ఎద్దుకు రెండు వేళ్లు కాబట్టే రెండు ముక్కలు అన్నమాట.

ఎముకలపిచ్చి
సరిగ్గా అదే. ఎద్దు, మేక, జింక, ఒంటె నిలబడేది మధ్యవేలు, ఉంగరపు వేలు మీద. పందికి నాలుగు, అందులో రెండే గట్టిగా ఆనుతాయి. గుర్రం వేరే శాఖ. దాని దగ్గరి చుట్టాలు ఖడ్గమృగం, పొట్టి తొండం ఉండే టపీర్. జూపార్క్‌లో ఖడ్గమృగం పాదం చూడండి, కాలికి మూడు గోళ్లు స్పష్టంగా ఉంటాయి. టపీర్‌కైతే ముందు నాలుగు, వెనక మూడు.

టపీర్ లెక్క గుర్తు పెట్టుకోండి. తొలి గుర్రానిదీ అదే లెక్క. 5.5 కోట్ల ఏళ్ల కిందట నక్కంత ఉండేది. అడవిలో ఆకులు తింటూ, కుక్క పాదంలా మెత్తటి దిండ్లున్న కాళ్లతో తిరిగేది. 1841లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ దాని శిలాజం చూసి గుర్రానికి చుట్టం అని కూడా అనుకోలేదు. హైరాక్స్ అనే చిన్న జంతువును పోలి ఉందని హైరకోథీరియం అని పేరు పెట్టాడు. అమెరికాలో దొరికినవాటికి 1876లో యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్ష్ ఇయోహిప్పస్ అన్నాడు, అంటే తొలిపొద్దు గుర్రం. ఆ ఏడాదే ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త హక్స్‌లీ యేల్‌కు వెళ్లి మార్ష్ పోగేసిన గుర్రం ఎముకలన్నీ చూసి ముచ్చటపడి, ఇయోహిప్పస్ మీద బుల్లి ఇయో మనిషి స్వారీ చేస్తున్నట్టు కార్టూన్ కూడా గీశాడు.

అర్ధరాత్రి_చాయ్
నక్కంత గుర్రం మీద బరాత్ ఊహించుకున్నా. పెళ్లికొడుకు కాళ్లు రోడ్డు మీద ఈడుస్తూ...

మలక్‌పేట_మూర్తి
డాక్టర్ గారూ, టేబుల్ మీద చెయ్యి లేపే ప్రయోగం మా అమ్మాయికి చూపించాను. ఇప్పుడు ఇల్లంతా మధ్యవేలి గోరు మీద "టక్ టక్" అని నడిపిస్తోంది. వాళ్లమ్మకు ఆ వేలు నచ్చలేదు, అది వేరే గొడవ.

అయితే ఎందుకు పోయాయి? వేగంగా పరిగెత్తడానికేనా? స్కూలు పుస్తకంలో నాలుగు బొమ్మలు వరసగా ఉంటాయి చూడండి, చిన్న గుర్రం, కొంచెం పెద్ద గుర్రం, ఇంకొంచెం పెద్దది, చివర్లో మన గుర్రం. వేళ్లు నాలుగు, మూడు, మూడు, ఒకటి.

రేసుబుక్కు
వేగమే. ఇంకేముంటుంది? ఒక్కసారి మలక్‌పేట రేసుకోర్సు రైలింగ్ దగ్గర నిలబడి చూడండి. మలుపు తిరిగి ఆఖరి రెండొందల మీటర్లలోకి వచ్చేటప్పుడు కాళ్ల కింద భూమి అదురుతుంది. అలాంటి పరుగుకు ఐదు వేళ్లు అడ్డం.

సందేహాలరావు
చీతాకు వేళ్లున్నాయి, అది గుర్రం కంటే వేగం.

రేసుబుక్కు
చీతా పరిగెత్తేది కాసేపే. గుర్రం మైళ్లకు మైళ్లు పరిగెత్తుతుంది.

సందేహాలరావు
సరే, జింక. ఆంధ్రావాళ్ల రాష్ట్ర జంతువు కృష్ణజింక, మనది చుక్కల జింక. రెంటికీ రెండేసి వేళ్లు. కృష్ణజింక గంటకు 80 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది. అమెరికాలో ప్రాంగ్‌హార్న్ అని ఉంది, అదింకా వేగం, పైగా చాలా దూరం అలాగే పోతుంది. దానికీ రెండు వేళ్లే. రేసు గుర్రం 60, 70 దగ్గర ఆగుతుంది. ఒక్క వేలే వేగానికి రహస్యమైతే రెండు వేళ్లవాళ్లు గెలవడం ఏమిటి?

రేసుబుక్కు
జింకల రేసు పెడితే అప్పుడు మాట్లాడదాం.

ఫిజిక్స్_టీచరమ్మ
ఇద్దరిలోనూ సగం సగం నిజం ఉంది. క్రికెట్ బ్యాట్‌ను మామూలుగా పట్టుకుని ఊపండి, తర్వాత తిరగేసి, బరువు చేతి దగ్గర ఉండేలా పట్టుకుని ఊపండి. రెండోది ఎంత తేలిగ్గా ఊగుతుందో తెలుస్తుంది. కాలు కూడా అంతే. కొసన బరువు తగ్గితే ప్రతి అడుగుకూ ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. రోజుకు వేల అడుగులు వేసే జంతువుకు అది చిన్న లాభం కాదు. కొసన వేళ్లు, వాటిని కదిలించే కండలు తగ్గించుకోవడం ఇందుకే అని ఒక వాదన.

రెండోది గట్టిదనం. ఒకే బరువుకు మూడు సన్న వెదురు కర్రలు విడివిడిగా, ఒక లావు వెదురు బొంగు. ఏది తొందరగా వంగుతుంది? సన్నవే. గొట్టం లావయ్యేకొద్దీ వంగకుండా తట్టుకునే శక్తి చాలా వేగంగా పెరుగుతుంది. ఒళ్లు బరువెక్కుతున్న జంతువుకు మూడు సన్న ఎముకల కంటే ఒక లావుది లాభం.

ఎముకలపిచ్చి
టీచరమ్మ చెప్పిన రెండో మాట లెక్కగట్టి చూసినవాళ్లున్నారు. 2017లో హార్వర్డ్ వాళ్లు శిలాజ గుర్రాల మధ్య ఎముకలను స్కాన్ చేసి, ఏది ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో లెక్కేశారు. పక్క వేళ్లు చిన్నవవుతున్నకొద్దీ, ఒళ్లు బరువెక్కుతున్నకొద్దీ మధ్య ఎముక అడ్డకోత ఆకారం మారి గట్టిపడింది. తొలి గుర్రాల్లో పక్క వేళ్ల సాయం లేకుండా మధ్యవేలు ఒక్కటే బరువంతా మోస్తే ప్రమాదం అంచుకు వచ్చేసేది. తర్వాతివాటిలో ఆ భయం లేదు. ఆ పని చేసినావిడ ఇంటిపేరు మెక్‌హార్స్. ఒట్టు, నిజం.

అర్ధరాత్రి_చాయ్
గుర్రాల మీద పరిశోధన చేసేది గుర్రంవారి ఆడపడుచా! ఈ లెక్కన మా ఇంటిపేరు కందుల. నేను ఏం చదవాలి?

ఈముబాధితుడు
ఎవరూ ఈము ఎత్తలేదేంటి? 2011లో మా పెదనాన్న మాట విని షాద్‌నగర్ దగ్గర ఈము కోళ్ల ఫారంలో మూడు లక్షలు పెట్టాను. గుడ్లు కొంటాం, నూనె కొంటాం అన్నవాళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. చివరికి మేత ఖర్చు భరించలేక పక్షుల్ని ఎవరికి పడితే వాళ్లకు ఇచ్చేశాం. వాటి కాళ్లు మాత్రం బాగా గుర్తు. మూడు వేళ్లు. తంతే తొడ మీద మూడు గీతలు పడ్డాయి, ఇప్పటికీ ఉన్నాయి.

ఎముకలపిచ్చి
అయ్యో. కానీ మంచి ఉదాహరణ ఇచ్చారు. ఈముకు మూడు, నిప్పుకోడికి రెండే. అందులోనూ ఒకటే పెద్దది, దానికే గిట్టలాంటి లావు గోరు. పక్షుల్లో గుర్రం దారి పట్టింది అదే. కంగారూలది వేరే పద్ధతి. వాటి బరువంతా నాలుగో వేలి మీద. అంతరించిపోయిన ప్రొకాప్టడాన్ అనే పొట్టి మూతి కంగారూకు వెనక పాదానికి ఆ నాలుగో వేలు ఒక్కటే మిగిలింది. మనిషి కంటే ఎత్తు, రెండు క్వింటాళ్ల పైన బరువు.

నాగలి_నరసింహ
అంటే గుర్రం ఒక్కటే కాదన్నమాట ఒంటివేలుది.

ఎముకలపిచ్చి
కాదు. అసలు కథ ఇక్కడుంది. గుర్రాలు ఇంకా అడుగు పెట్టని కాలంలో దక్షిణ అమెరికాలో లిటోప్టెర్న్‌లు అనే వేరే వంశం ఉండేది. అందులో థోఆథీరియం అనేది సుమారు 1.7 కోట్ల ఏళ్ల కిందటిది, చిన్న జింకంత జంతువు. దానికి ఒకటే వేలు. పక్క ఎముకలు ఇప్పటి గుర్రానికి ఉన్నవాటి కంటే కూడా చిన్నవి! అంటే ఒంటివేలులో అది గుర్రాన్ని మించిపోయింది. అది గుర్రం వంశం మాత్రం కాదు.

ఇప్పుడు రేసుబుక్కు గారి కోసం ఒక మెలిక. "గడ్డి మైదానాలు వచ్చాయి, దాక్కోవడానికి చెట్లు లేవు, పరిగెత్తాలి, అందుకే ఒక్క వేలు" అంటారు కదా. థోఆథీరియం పళ్లు గడ్డి నమిలే పళ్లు కావు, పొట్టివి, ఆకులు తినేవి. ఇంకో మెలిక. ఆ వంశంలో ఈ ఒంటివేలు జంతువు ఎప్పుడో పోయింది. దాని చుట్టమైన మక్రౌకేనియా, ఒంటె అంత ఉండేది, మూడు వేళ్లతోనే దాదాపు పది వేల ఏళ్ల కిందటి దాకా హాయిగా బతికింది. 1834లో డార్విన్ తవ్వి తీసినవాటిలో దాని ఎముకలున్నాయి.

రేసుబుక్కు
మేడం, మీరు తవ్వకాల పక్షం, నేను ట్రాక్ పక్షం. నా మాట మారదు.

సందేహాలరావు
తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, తాను పట్టిన గుర్రానికి ఒకటే వేలు.

మలక్‌పేట_మూర్తి
ఒక్క నిమిషం. వాడకపోతే వేళ్లు పోతాయి అనే కదా దీని అర్థం? మా నాన్న చిటికెన వేలు దేనికీ వాడరు, అలా అని నాకు పోలేదుగా.

బర్రెల_డాక్టర్
ఇది చాలామంది పొరపాటు పడే చోటు. గుర్రం వాడటం మానేస్తే వేలు అరిగిపోయి, ఆ అరిగిన వేలు పిల్లకు రాదు. అలా అయితే కమ్మరి కొడుకు కండలతోనే పుట్టాలి. ఒక మందలో పిల్లలు పుడతాయి, వాటిలో కొన్నింటికి పక్క వేళ్లు కాస్త చిన్నవిగా ఉంటాయి, కొన్నింటికి కాస్త పెద్దవి. ఏదో కారణానికి చిన్నవి ఉన్నవే ఎక్కువ బతికి ఎక్కువ పిల్లల్ని కంటే, లక్షల తరాల్లో సగటు మారిపోతుంది. ఆ "ఏదో కారణం" ఏంటన్నదే పైన మీరంతా కొట్టుకుంటున్నది.

కడుపులో పిండం దగ్గర ఏం జరుగుతుందో కూడా చూశారు. గుర్రం పిండంలో కాలి మొగ్గ మొదట పెద్ద తేడా లేకుండా మొదలవుతుంది. తర్వాత మధ్యవేలికి అటూ ఇటూ ఉన్న కణాలు పెద్ద ఎత్తున చచ్చిపోతాయి. 2014లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. అదే సంచికలో ఆవు సంగతి కూడా ఉంది, దానిది వేరే దారి. వేళ్లకు హద్దులు గీసే జన్యువుల దగ్గరే మార్పు. అంటే ఒకే ఊరికి రెండు రోడ్లు.

సందేహాలరావు
2018లో ఇంకొకరు "గుర్రానికి ఐదు వేళ్లూ ఉన్నాయి, లోపల దాగి ఉన్నాయి" అన్నారుగా. మరి మూర్తి గారు చెప్పిన "కలిసిపోయాయి" మాటే నిజం కావాలి!

ఎముకలపిచ్చి
సొలూనియాస్ బృందం. స్ప్లింట్ ఎముకల మీద ఉన్న గట్లను చూసి, బొటనవేలు, చిటికెన వేలు అందులోనే కలిసిపోయి ఉన్నాయని వాదించారు. గిట్ట అడుగున ఉండే, ఇంగ్లీషులో ఫ్రాగ్ అనే మెత్తటి భాగంలో కూడా పక్క వేళ్ల జాడలున్నాయన్నారు. అందరూ ఒప్పుకోలేదు. ఎముక మీద ఉన్న ప్రతి గట్టూ వేలు కాదు కదా అన్నది ఎదుటివాళ్ల మాట. నాకైతే తొలి పిండంలో ఐదు వేళ్ల గుర్తులు ఉండొచ్చు అన్నంత వరకు సరే. ఎదిగిన గుర్రం కాలిలో ఐదూ ఉన్నాయంటే మాత్రం మింగుడు పడదు.

బర్రెల_డాక్టర్
నా ఓటు కూడా అటే.

అన్నట్టు, అప్పుడప్పుడు పక్క వేలు బయటికి వచ్చిన గుర్రాలు పుడతాయి. చిన్న గిట్టతో సహా, పక్కన వేలాడుతూ. జూలియస్ సీజర్ గుర్రానికి పాదం మనిషి వేళ్లలా చీలి ఉండేదని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. జ్యోతిష్కులు దాన్ని చూసి ఈయన ప్రపంచాన్ని ఏలుతాడని చెప్పారట. మార్ష్ కూడా ఇలాంటి గుర్రాల గురించి ప్రత్యేకంగా రాశాడు.

అర్ధరాత్రి_చాయ్
మన దగ్గర అలాంటిది పుడితే బరాత్‌కు అడ్వాన్స్ బుకింగ్, పక్కన హుండీ.

నిర్వాహకుడు
హుస్సేన్‌సాగర్ గుర్రపు డెక్క తొలగింపు టెండర్ల మీద వచ్చిన పదకొండు పోస్టులు "ఊరి సంగతులు" విభాగానికి మార్చాను. ఇక్కడ గుర్రాలకు ఉన్న డెక్కలే.

ఫిజిక్స్_టీచరమ్మ
మూర్తి గారు అడిగిన స్కూలు బొమ్మ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ నాలుగు బొమ్మల వరసే తప్పుదారి పట్టిస్తుంది. ప్రతి ఏడూ మా తొమ్మిదో తరగతిలో చూస్తాను. పిల్లలకు అది మెట్లలా కనిపిస్తుంది, గుర్రం మొదటి నుంచీ ఒంటివేలు అనే పై మెట్టు వైపు నడుస్తోందన్నట్టు.

ఎముకలపిచ్చి
వెయ్యిసార్లు అవును. అది నిచ్చెన కాదు, మర్రిచెట్టు. చాలా కొమ్మలు, చాలా ఊడలు, చివరికి ఒక్క కొమ్మ మిగిలింది. మనం ఆ కొమ్మ నుంచి వెనక్కి గీత గీసి "ఇదే దారి" అంటున్నాం.

సుమారు కోటిన్నర ఏళ్ల కిందట, మెరిచిప్పస్ అనే పాతకాలపు గుర్రం రోజుల్లో, ఉత్తర అమెరికాలో రకరకాల గుర్రాలుండేవి, అన్నీ మూడు వేళ్లవే. పక్క వేళ్లు చిన్నవి, మామూలుగా నిలబడితే నేలకు ఆనవేమో, బురదలోనో మలుపులోనో పనికొచ్చేవేమో. వాటిలో ఒక కొమ్మ ఒంటివేలు వైపు పోయింది, ఇంకో కొమ్మ హిప్పారియన్లు. ఇవి మూడు వేళ్లతోనే అమెరికా నుంచి ఆసియా, యూరప్, ఆఫ్రికా అంతా పరుచుకున్నాయి. మన హిమాలయాల దిగువన శివాలిక్ కొండల్లో వాటి పళ్లు, ఎముకలు బోలెడు దొరికాయి. టాంజానియాలో లేటోలీ దగ్గర 36 లక్షల ఏళ్ల కిందటి బూడిదలో మనిషి పూర్వీకుల అడుగులతో పాటు హిప్పారియన్ తల్లీపిల్లా అడుగులు కూడా ఉన్నాయి. మూడు వేళ్లతో ప్రపంచమంతా తిరిగినదాన్ని "వెనకబడినది" అనడం ఎలా?

ఇప్పటి గుర్రం, గాడిద, జీబ్రా అన్నీ ఒకే కొమ్మ ఈక్వస్ నుంచి. దాని వయసు 40, 45 లక్షల ఏళ్లు. హిప్పారియన్లు దాని కంటే ముందు వచ్చి, దానితో పాటు బతికి, తర్వాత పోయాయి.

రేసుబుక్కు
మరి చివరికి గెలిచింది ఎవరు? ఒంటివేలే కదా.

ఎముకలపిచ్చి
ఆ ఒంటివేలు గుర్రం కూడా తన పుట్టిల్లు అమెరికాలో సుమారు పది వేల ఏళ్ల కిందట పూర్తిగా అంతరించిపోయింది. మళ్లీ వెళ్లింది స్పెయిన్ వాళ్ల ఓడల్లో. గెలుపు అనాలా? 2019లో క్రిస్టీన్ జానిస్, రేమండ్ బెర్నోర్ అనే శిలాజ శాస్త్రవేత్తలు ఇదే ప్రశ్న తీసుకున్నారు. వేగం వల్ల ఒంటివేలు రాలేదు, ఎండిన నేలల్లో మేత కోసం రోజంతా దుడుకు నడకలో దూరాలు తిరగడానికి శక్తి పొదుపు కావాల్సి వచ్చింది, దాని వెంట ఇది వచ్చి ఉండొచ్చు అన్నారు. హిప్పారియన్ల నడక తీరే వేరు అని కూడా. అంటే పరుగు కాదు, పొదుపు. ఇదింకా వాదనే, కానీ నాకు నచ్చిన వాదన.

బర్రెల_డాక్టర్
ఆ పొదుపు కాలు కోసి చూస్తే కనిపిస్తుంది. మా రాజేంద్రనగర్ కాలేజీ రోజుల్లో మొదటిసారి గుర్రం కాలు డిసెక్షన్ చేసినప్పుడు నాకు గుర్తుండిపోయింది ఒకటే. మణికట్టు కింద కండ అన్నదే దాదాపు లేదు. అన్నీ తెల్లటి తాళ్లే. మన అరచేతిలో వేళ్ల మధ్య ఉండే చిన్న కండరం గుర్రానికి లిగమెంట్‌గా మారిపోయింది, స్కేలు పట్టీ అంత వెడల్పు, లాగితే బిగుసుకున్న బెల్టులా ఉంది. అడుగు పడినప్పుడు సాగుతుంది, లేచినప్పుడు స్ప్రింగులా తోస్తుంది. నిలబడి కునుకు తీయగలిగేది కూడా ఇలాంటి తాళ్ల ఏర్పాటు వల్లే. వేళ్లు పోయినా వాటి పరికరాలు కొన్నింటిని వేరే పనికి పెట్టుకుంది.

నష్టం కూడా చెప్పాలి. అర టన్ను జంతువు, వేగంగా పరిగెత్తేటప్పుడు ఒక్కో క్షణంలో ఒకే ముందు కాలి మీద ఒంటి బరువుకు రెండింతల పైనే పడుతుంది. ఆ కింది ఎముక విరిగితే చుట్టూ కండ లేదు, రక్త ప్రసారం తక్కువ, మూడు కాళ్ల మీద నిలబెడితే మంచి కాలు గిట్ట లోపల పాడవుతుంది. అందుకే కాలు విరిగిన గుర్రాన్ని బతికించడం అంత కష్టం. రేసుబుక్కు గారికి తెలుసు.

రేసుబుక్కు
తెలుసు. ఒకసారి కళ్లారా చూశాను. తెర కట్టేస్తారు. ఆ రోజు ఎవరూ టికెట్ గురించి మాట్లాడలేదు.

నాగలి_నరసింహ
డాక్టర్ గారూ, ఎద్దు కాలు సంగతి చెప్పండి. అక్కడ కూడా కింద ఒకటే పొడుగెముక కనిపిస్తుంది కదా, వేళ్లు రెండున్నా?

బర్రెల_డాక్టర్
బాగా అడిగారు. మూర్తి గారి పరువు కొంత దక్కేది ఇక్కడే. ఎద్దు, మేక, గొర్రెల్లో ఆ పొడుగెముక నిజంగా రెండెముకలు కలిసిపోయి ఒకటైనదే. మీరు చెప్పిన "కలిసిపోయాయి" గుర్రానికి తప్పు, మేకకు ఒప్పు. చూడాలంటే కాలేజీకి రానక్కర్లేదు. ఆదివారం పొద్దున పాతబస్తీలో పాయా తినండి. ముక్కలుగా కొట్టనిది అడిగి తీసుకుని పొడుగెముక కింది కొస చూడండి. పక్కపక్కనే రెండు గుండ్రటి బొడిపెలు, మధ్యలో చీలిక. ఒక్కో బొడిపె కింద ఒక్కో వేలు.

అర్ధరాత్రి_చాయ్
చివరికి పాయా దాకా వచ్చింది చర్చ. ఇది కదా హైదరాబాద్.

ఈముబాధితుడు
పందుల్లో కూడా రెండు వేళ్లు కలిసి ఒకే గిట్టగా పుట్టేవి ఉంటాయని విన్నాను. నిజమేనా? పెట్టుబడి ఉద్దేశం లేదు, ఊరికే.

బర్రెల_డాక్టర్
నిజమే, మ్యూల్‌ఫుట్ పందులు అంటారు. అరిస్టాటిల్ కూడా ఒంటిగిట్ట పందుల గురించి రాశాడు. దయచేసి ఫారం మాత్రం పెట్టకండి.

మలక్‌పేట_మూర్తి
ఆదివారం అప్‌డేట్. పొద్దున ఆరింటికే అమ్మాయిని తీసుకుని పాయాకు వెళ్లాను, బావమరిదిని కూడా లాక్కెళ్లాను. ఎముక శుభ్రంగా చీకించి నీళ్లతో కడిగించి చూపించాను. రెండు బొడిపెలు, మధ్యలో చీలిక, ఎముక వెంట పైదాకా సన్న గాడి. బావమరిది ఏమీ మాట్లాడలేదు, ఇంకో ప్లేటు చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆ నాల్‌బంద్ ఉండే సందు మీదుగా వచ్చాం. స్ప్లింట్ ఎముక ఎక్కడుంటుందో చూపించమని అడిగితే ఆయన పేరు తెలియదన్నాడు కానీ, కట్టేసి ఉన్న తెల్ల గుర్రం ముందు కాలు పట్టుకుని బొటనవేలితో పైనుంచి కిందికి రాసుకుంటూ వచ్చి ఒక చోట ఆపాడు. "ఇక్కడ నొప్పి ఉంటే ఆ వారం పెళ్లికి పంపను" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ చూపుడు వేలును రోజూ తడుముతున్నాడు ఆయన! మా అమ్మాయి కూడా వేలు పెట్టి చూసింది. పుల్లలా సన్నగా తగిలిందట, చివర చిన్న గింజలా ఉందట.

పాయా ఎముక ఇంటికి తెచ్చి బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టింది. ఇప్పుడు ఇల్లంతా వాసన. దీనికి ఎవరైనా ఉపాయం చెప్పండి.

ఎముకలపిచ్చి
బ్లీచింగ్ వద్దు, ఎముక పిండి పిండి అయిపోతుంది. వెంటనే తీసేసి మంచినీళ్లలో కడగండి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో కాస్త డిటర్జెంట్ వేసి, రెండు రోజులకోసారి నీళ్లు మారుస్తూ ఉంచండి. బాల్కనీలో, మూత పెట్టి. కుక్కలకు అందకుండా.